తోపుకి మేనమామ

మామిడితోపుకి పెళ్ళి చేశామంటే మా మనవలు నవ్వుతారు. నవ్వనీ. ఇప్పటి పెళ్ళిళ్ళలో మైకుల హోరుకి పక్కవాడి మాట వినపడి చావదు. మా తోపు పెళ్ళిలో పంతులుగారికి చెవుడు ఉండబట్టే ఊరు బతికింది. ఆ సంగతి చెప్పడానికి ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను కాబట్టి, నచ్చినా నచ్చకపోయినా నేను చెప్పినట్టే వినాలి.

మా ఊరు బొబ్బిలికీ సాలూరుకీ నడుమ, ఒక కొండవాలుని ఆనుకుని ఉంటుంది. వాలు నిండా తోపే. మామిడి ఎక్కువ, మధ్యమధ్య పనస, ఇప్ప, నేరేడు. తోపు కిందనుంచి గెడ్డ పారి మా వరిమళ్ళలోకి వచ్చేది. పుస్తకాల్లో దాన్ని వాగు అంటారట. మాకు మాత్రం గెడ్డ అంటేనే ఒంటికి చల్లగా తగులుతుంది. కాపురానికి వచ్చిన కొత్తలో పుట్టింటి మీద బెంగ పుడితే చెంగు నోట కుక్కుకుని ఆ తోపులోకి పోయేదాన్ని. నేలంతా రాలిన ఇప్పపువ్వు. ఆ తీపి వాసనలో కాసేపు కూర్చుంటే బెంగ తగ్గేది, ఆకలి వేసేది, ఇంటికి వచ్చేసేదాన్ని.

తోపు మాదే అనుకునేవాళ్ళం. కాగితాల్లో మాత్రం అది జమీందారుగారి ఎస్టేటుది. అప్పట్లో యుద్ధం నడుస్తోంది. పెట్రోలు దొరక్క బస్సులన్నీ బొగ్గుతో నడిచేవి. బస్సు వెనక ఇనప పీపా, అందులో కణకణలాడే బొగ్గు. ఎత్తు వస్తే జనం దిగి తొయ్యాలి. సాలూరులో బస్సులూ లారీలూ నడిపే బంగారురాజు ఆ బొగ్గు కోసం ఊరూరా చెట్లు కొంటూ వచ్చి, మా తోపుని కూడా నిలువునా బేరం చేశాడు. ఊరి పెద్దలు ఎస్టేటు కచేరీకి పోయి కాళ్ళావేళ్ళా పడితే, బంగారురాజు ఇస్తానన్న సొమ్మేదో వైశాఖం వెళ్ళేలోగా మీరే కట్టండి, తోపు ఊరి పేర రాసేస్తాం అన్నారు.

తోపు పోతే మిగతావాళ్ళకి నీడ పోతుంది, పళ్ళు పోతాయి. మా అత్త గున్నమ్మకి అలా కాదు. ఆమె పుట్టినూళ్ళోనూ ఒక కొండ ఉండేది. దాని మీద చెట్లు కొట్టేశాక వచ్చిన మొదటి వానాకాలంలోనే గెడ్డ పొంగి, ఇసక తెచ్చి వాళ్ళ నాన్న మళ్ళలో పోసింది. మళ్ళీ అక్కడ గింజ పండలేదు. ఆమెకున్న ఒక్క అన్న అసిరయ్య బతుకుతెరువుకని ఓడెక్కి రంగం పోయాడు. బర్మాలో ఉన్న ఆ రంగం పట్నం మీద బాంబులు పడ్డప్పుడు మనవాళ్ళు వేలమంది అడవులంట నడిచి వచ్చారు. అసిరయ్య రాలేదు. ఇప్పుడు మా పొలం సరిగ్గా తోపు కిందే ఉంది. ఒకనాడు గట్టు మీద కూర్చుని అత్త నాతో అంది: "ఇసక నన్ను ఓపాలి తరిమినాదే తాయారూ. ఇంకోపాలి తరిమితే ఎక్కడికి పోతాను?" ఆమెను అంత చిన్న గొంతుతో మాట్లాడగా నేను అంతకుముందు వినలేదు.

ముందు చందా వేద్దామన్నారు. చందా అన్న మాట చెవిన పడగానే ఊళ్ళో తలుపులు మూసుకున్నాయి. వాళ్ళని అని లాభం లేదు. యుద్ధం ఫండని చెప్పి సర్కారు మనుషులు అప్పటికే గడపగడపకీ తిరిగి ఉన్నారు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా ఊరు అడిగినా పెట్టలేదు.

పెద్దలంతా మా అరుగు మీద తలలు పట్టుకుని కూర్చుంటే అత్త గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "సందా అంటే ఎవులిస్తారు? పెల్లి సెయ్యండి. సదివింపులు సదివించకుండా పెల్లి కూడు తినీసి పోయినోడు ఈ సుట్టుపక్కల ఉన్నాడేటి?"

ఆ మాట నిజం. పెళ్ళిలో ఇచ్చిన కానుకని, ఇచ్చినవాడి పేరుతో వరసతో పందిట్లో గట్టిగా చదువుతారు కనకే దాన్ని చదివింపు అన్నారు. పేరు చదివించుకోకుండా విస్తట్లో చెయ్యి పెట్టడం మాలో పెద్ద నామర్దా. చందా అడిగితే ముఖం మీద తలుపు వేసినవాడే, చదివింపు అనేసరికి అప్పు చేసైనా పట్టుకొస్తాడు.

పెళ్ళి ఎవరికని అడిగారు. తోపుకి అంది. కొత్త తోపు కాపుకి వస్తే, పెళ్ళి చేయనిదే తొలిపండు నోట పెట్టకూడదన్నది మా ఊరి ఆచారం. ఈ తోపుకి పెళ్ళయినట్టు ఎవరికైనా గుర్తుందా అని అడిగింది. ముత్తాతల నాడు వేసిన తోపు, ఎవడికి గుర్తుంటుంది? ఇన్నాళ్ళూ పెళ్ళికాని తోపు పళ్ళు తిన్నామా అని కొందరు నిజంగానే చెంపలు వేసుకున్నారు. వరుడెవరని కొట్టు జగన్నాధం అడిగితే అత్త గెడ్డవైపు చెయ్యి చూపించింది. ఇద్దరూ ఇన్నేళ్ళుగా పక్కపక్కనే ఉన్నారు, ఇకనైనా ముడి వేయకపోతే ఊరి పరువేం కావాలి అంది. జగన్నాధం నవ్వాపుకోలేక ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ పెళ్ళి చూసి తీరాలి. పందిరి వేసే పనే లేదు, తోపే పందిరి. బియ్యం కరువు రోజులు కదా, ఎవరి బియ్యం వాళ్ళు మూటగట్టుకొచ్చి ఒకే గుండిగలో పోశారు. పనసపొట్టు కూర, గుమ్మడికాయ పులుసు, చెట్టునుంచి అప్పుడే కోసిన మామిడికాయతో పప్పు. చుట్టుపక్కల ఊళ్ళ బళ్ళు గెడ్డ పొడుగునా విప్పేశారు. బొబ్బిలిలో వీణలు చేసేవాళ్ళు కూడా బండి కట్టుకుని వచ్చారు, వీణ చెక్కేది పనసకర్రతోనే, ఆ చెట్టంటే వాళ్ళకి ప్రాణం మరి. ఒక పక్క సన్నాయి, ఒక పక్క తప్పెటగుళ్ళు. తర్వాత నా పిల్లల పెళ్ళిళ్ళు చేశాను, మనవల పెళ్ళిళ్ళు చూశాను. ఆ రోజు పడ్డ సంబరం మళ్ళీ ఎక్కడా పడలేదు.

పెళ్ళికూతురు ఒక మామిడిమొక్క. మట్టితో సహా గంపలో పెట్టి, పసుపుగుడ్డ చుట్టి, బాసికం కట్టాం. పెళ్ళికొడుకు రాగిబిందెలో గెడ్డనీళ్ళు. కన్యాదానం చేసేది మా అత్తామామలు. అంతా బాగానే ఉంది గాని, ఒక్క సంగతి ఎవరూ పైకి అనలేదు. పెళ్ళికూతురిని గంపలో ఎత్తుకొచ్చి పీట మీద దించవలసినవాడు మేనమామ. తల్లి గున్నమ్మ అయినప్పుడు మేనమామ అసిరయ్య.

బంగారురాజు సరిగ్గా ఆ వేళకే దిగాడు. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, గొడ్డళ్ళవాళ్ళని వెంటబెట్టుకొచ్చాడు. కొట్టవలసిన చెట్లకి సున్నంతో గుర్తులు పెట్టుకోవాలని వచ్చాడట. వచ్చి చూస్తే ఏముంది, చెట్టు చెట్టుకీ పసుపు, కుంకుమ. అలా నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. శత్రువైనా సరే పెళ్ళివేళకి వచ్చినవాడిని తిండి పెట్టకుండా పంపకూడదు. జగన్నాధం వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

అక్కడ భీమశంకరం పంతులుగారు మేనమామను పిలవమంటున్నారు. ఎవరూ పలకలేదు. గంప నేనే మోస్తాను అని అత్త వంగింది. తల్లి మోయకూడదమ్మా, మేనమామ రావాలి అని పంతులుగారు మళ్ళీ అన్నారు. ఆ ముసలాయనకి అసిరయ్య సంగతి తెలియదు, చెబుదామంటే వినపడదు. అత్త గంప అంచు పట్టుకుని అలాగే ఉండిపోయింది. సన్నాయి కూడా ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో జగన్నాధం గొంతు ఖంగున మోగింది. "రండి మావా, ముందుకి రండి."

మా ఊళ్ళో ఎవడైనా ఎవడినైనా మావా అనే పిలుస్తాడు. బండి తోలేవాడు మావే, బాకీకి వచ్చినవాడూ మావే. పంతులుగారికి ఆ ఒక్క మాటే చెవిన పడింది. హమ్మయ్య అనుకుని, అత్త ముందున్న గంప అందుకుని, ఎదురువెళ్ళి బంగారురాజు చేతుల్లో పెట్టేశారు.

ఆయన కంగారుగా అటూ ఇటూ చూశాడు. ఎవరికైనా అందిద్దామంటే అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. కింద పెడదామంటే, మేనమామ ఎత్తిన గంప పీట మీదే దిగాలి, మధ్యలో నేల తాకితే పెళ్ళికూతురికి కీడు. ఆ సంగతి సాలూరువాడికి ఒకరు చెప్పాలా? వెనక గొడ్డళ్ళవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆయన వాళ్ళ వైపు ఒక చూపు చూసి, గంప భుజానికెత్తుకున్నాడు. సన్నాయి అందుకుంది. తడిమట్టి నీళ్ళు కారి సిల్కు చొక్కా అంతా ఎర్రబడుతుంటే, పీట దాకా నడిచి, నిద్రపోతున్న పిల్లని దించినట్టు నెమ్మదిగా దించాడు.

అత్త ఇంటికి పరుగెత్తింది. తిరిగి వచ్చేసరికి ఆమె చేతిలో పంచెలచాపు ఉంది. అసిరయ్య వస్తే పెట్టాలని పెట్టె అడుగున దాచింది అది. మేనమామకి బట్టలు పెట్టాలి కదా. దాన్ని బంగారురాజు చేతుల్లో పెట్టి, "అన్నా" అంది. నేను ఏడ్చాను, మా మామగారు ఏడ్చారు, సంగతి తెలియని పంతులుగారు పొగ తగిలిందనుకుని కళ్ళు తుడుచుకున్నారు.

తర్వాత చదివింపులు. జగన్నాధం గొంతెత్తి చదువుతుంటే ఒకరు వడ్లబస్తా, ఒకరు మేకపిల్ల, ఒక ముసలమ్మ చెవి కమ్మలు. ఎవరెవరు ఏ వరసో కూడా ఆయనే కల్పించి చదివాడు. పిన్నులూ పెత్తల్లులూ ఆ రోజే పుట్టుకొచ్చారు. మేనమామ గారు అని చదివి ఆగాడు. బంగారురాజు తర్వాత చదివిస్తానన్నాడు. విస్తరి ముందు కూర్చుని భోంచేశాడు, గొడ్డళ్ళవాళ్ళకీ పెట్టించాడు, బస్సెక్కి వెళ్ళిపోయాడు. జారుకున్నాడని ఊరంతా చెప్పుకున్నారు. నేనూ అలాగే అన్నాను.

అన్నీ అమ్మి చూస్తే, కట్టవలసిన దానికి చాలలేదు. వైశాఖం అయిపోవస్తోంది. అత్తకి అన్నం సయించలేదు. రోజూ పొద్దున్నే గెడ్డలోకి దిగి, గుప్పెడు ఇసక తీసి చూసి పారేసి వచ్చేది. అడిగితే కసిరేది.

గడువు రేపనగా బంగారురాజు బస్సు మా గుమ్మం ముందు ఆగింది. తనే నడుపుకుంటూ వచ్చాడు. ఒంటి మీద మా అత్త పెట్టిన పంచె. అరుగు మీద కూర్చుని, నేలకేసి చూస్తూ చెప్పాడు. "బేరం మానుకున్నాను సెల్లీ. బొగ్గు కోసరం వొచ్చినోడి సేతిలో గంపెట్టీసినారు. ఎత్తుకున్న పిల్లని ఎలాగ కాల్సమంటావు? నాను తప్పుకుంటే ఇంకో కొనీవోడు లేడు. మీకాడున్నదే కట్టండి, ఎస్టేటోలు ఒప్పుకున్నారు. అదే నా సదివింపు."

అత్త గోడకి చేరబడి కూర్చుండిపోయింది. కాసేపటికి లేచి పొయ్యి వెలిగించింది. ఆ పూట ఆమె చేసిన వంట, వడ్డించిన తీరు నేను మరిచిపోలేను. పుట్టింటివాళ్ళు వచ్చినప్పుడు ఆడదాని చేతికి ఒక ఒడుపు వస్తుంది. ఆమె చేతిలో అది చూడడం నాకు అదే మొదలు.

పులుసు పోస్తూ, మరి నీ బస్సులకి బొగ్గెలాగన్నా అని అడిగింది. కొండవతల పణుకువలస తోపు కుదిరిందని ఆయన చెప్పాడు. అత్త చేతిలో గరిటె ఆగింది. మా తోపు దక్కింది, ఇక ఊరుకోవే అత్తా అని వెనకనుంచి చెంగు లాగాను. ఆవిడ వింటేనా.

"ఆ కొండ కిందా గెడ్డ ఉన్నాది కాదేటన్నా. ఆ ఊర్లో గంపెత్తడానికి ఎవులున్నారు?"

ఆయన తల ఎత్తలేదు. కలిపిన ముద్ద విస్తట్లోనే ఉండిపోయింది. కోపమొచ్చి ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటాడేమోనని నేను అత్త చెంగు మళ్ళీ లాగాను. మజ్జిగ కూడా పోయించుకోకుండా చెయ్యి కడుక్కుని, వెళ్ళి బస్సులో కూర్చున్నాడు. అత్త లోపలికి పోయి మొహం కడుక్కుని, కుంకుమభరిణె పట్టుకుని బయటకి వచ్చింది. వచ్చినది గుమ్మంలో ఆగకుండా, తిన్నగా పోయి ఆ బస్సు వెనక సీటెక్కింది.

ఎక్కడికి సెల్లీ అని ఆయన అడిగాడు.

"పణుకువలస. బొట్టెట్టి, పెల్లి సెయ్యండని సెప్పొస్తాను. మావ దొరికినాడని సెప్తాను."

బంగారురాజు దిగివచ్చి, పొగ తగలని ముందు సీటు భుజమ్మీది తువ్వాలుతో తుడిచి, అక్కడ కూర్చోమన్నాడు.