మేక మింగిన వజ్రానికి బొమ్మ ఎవరు గీయాల?

కృపాకుమారి గుంతకల్లు స్టేషన్లో టికెట్ల కౌంటర్లో పని చేస్తుంది. పుట్టింది మాత్రం వజ్రకరూరు పక్క పల్లెలో. తొలకరి వాన పడితే చాలు, జనం తల వంచుకుని చేలల్లో వజ్రాలు వెతికే చోటు అది. నలభై ఆరో ఏట ఆమె పిల్లల కోసం ఒక నవల రాసింది. ఒక పిల్లకు చేలో వజ్రం దొరుకుతుంది. ఇంటికి పోయేలోపల దాన్ని మేక మింగేస్తుంది. ఊరికి తెలియకుండా ఆ పిల్ల మూడు దినాలు మేక వెంబడే ఉండాల.

రాసి ఊరుకుంటే బాగుండేది. ఇరవై రెండు బొమ్మలు కూడా తనే వేసింది.

హైదరాబాదు ప్రచురణ సంస్థ ప్రకటనలో "రాతప్రతి మాత్రమే పంపండి, బొమ్మలు మా చిత్రకారులు వేస్తారు" అని స్పష్టంగా ఉంది. మొగుడు జాకబ్ రైలింజను నడిపే మనిషి.

"ఎర్ర సిగ్నలు పడినాక బండి పోనిస్తామా? వద్దన్నారు గదా, తీసేయ్," అన్నాడు.

"మేక నాది, పిల్ల నాది. బొమ్మ మాత్రం ఎవురో యాడనో కూచోని గీయాల్నా?"

"నీ మేక పందిమాదిరి ఉండాది కృపా."

"వజ్రం మింగినాక కడుపు ఉబ్బదా?"

జాకబ్ కవరులోంచి బొమ్మలు తీసి బీరువాలో పెట్టినాడు. అతను స్నానానికి పోతానే ఆమె మళ్లీ కవర్లో దూర్చింది. సాయంత్రం కవరు బరువు చూసి అతను మళ్లీ తీసినాడు. మరుసటి రోజు అతను డ్యూటీకి పోయినాక ఆమె బొమ్మలన్నీ పెట్టి, గమ్ముతో అంటించి, నేరుగా పోస్టాఫీసుకు పోయింది.

రెండు నెలలకు ఆ సంస్థ సంపాదకురాలు పద్మప్రియ ఫోన్ చేసింది. జాకబ్ కూడా వినాలని కృపాకుమారి స్పీకర్ పెట్టింది.

"నవల చాలా బాగుందండీ, వేస్తాం. ఒక్క సందేహం. తొమ్మిదో బొమ్మలో పంది ఉంది. కథలో పంది ఎక్కడా రాలేదే?"

జాకబ్ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయినాడు.

"అది మేకండీ," అంది కృపాకుమారి.

అవతల కాయితం తిప్పి చూస్తున్న చప్పుడు. "అందుకేనండీ బొమ్మలు పంపొద్దనేది," అంది చివరికి పద్మప్రియ. "వాటిని చూసి కథ కూడా ఇంతేననుకుని మొదట పక్కన పెట్టేశాను. మా ఆఫీసులో ఇంకొకరు బొమ్మలు తీసేసి చదివారు కాబట్టి బతికిపోయింది."

కృపాకుమారి మొహం చిన్నబోయింది. ఆ పొద్దు ధర్మవరం టికెట్టు అడిగినాయనకు డోన్ టికెట్టు ఇచ్చింది.

కొన్నాళ్లకు ప్రవీణ్ అనే చిత్రకారుడు వేసిన బొమ్మలు ఫోనుకు వచ్చినాయి. మేక నిజంగా మేకే. కానీ ఊరినిండా కొబ్బరిచెట్లు, పక్కన కాలవ, కాలవలో పడవ. వజ్రమేమో దీపావళి మతాబు.

"ఇన్ని నీళ్లుంటే మనకు వజ్రాలు ఎతికే ఖర్మేమి?" అన్నాడు జాకబ్.

ఆమె ప్రవీణ్‌కు ఫోన్ చేసింది. "ఆ రాయి అట్ల మెరిస్తే నా కథే నిలబడదు నాయనా. గులకరాయిమాదిరి ఉంటేనే గదా ఎవురూ గుర్తుపట్టకుండా ఉండేది!"

"మెరిస్తేనే వజ్రమని పిల్లలకు తెలుస్తుందండీ," అన్నాడతను.

"సరేలే," అని పెట్టేసింది. ఆదివారం పుట్టినూరికి పోయి, చేలో ఒక రాయి ఏరి, అగ్గిపెట్టెలో పెట్టి అతనికి పంపింది. లోపల చీటీ: "ఇది మా చేలో దొరికింది. వజ్రమో, ఉత్త రాయో మీరే తేల్చుకోండి."

వారానికి ఫోను. "ఉత్త రాయేనటండీ," అన్నాడు ప్రవీణ్ నీరసంగా. "మూడు నగల షాపుల్లో అడిగాను."

"నాకు తెలుసు నాయనా. చేతిలో పెట్టుకున్న మీరే మూడు అంగళ్లు తిరిగినారే, ఇంక మేకకేం తెలుస్తాది?"

ప్రవీణ్ పకపకా నవ్వినాడు. జూన్‌లో తానే రైలెక్కి వచ్చినాడు. ఒక పగలంతా ఎండలో చేలంబడి తిరిగి, బొమ్మల్లో కొబ్బరిచెట్లు కొట్టేసి, కాలవ పూడ్చేసి, వజ్రం మెరుపు తీసేసినాడు.

కొత్త బొమ్మల్లో ఒకదాన్ని కృపాకుమారి చాలాసేపు చూసింది. పిల్ల మేక మెడ మీద చెయ్యేసి భయంగా వెనక్కి చూస్తాంది. ఆ చూపు తాను రాయలేదు. అయినా అది ఆ పిల్ల చూపే.

"నేను గీసుంటే ఇది వచ్చేది కాదు," అంది.

జాకబ్ తెలివైనవాడు, టీ పెట్టను వంటింట్లోకి పోయినాడు.

పుస్తకం వచ్చింది. పుట్టినూరి బడిలో చదివి వినిపించినారు. పది దినాలకు ఆ ఊరి మేకల ఓబుళేసు కౌంటర్ ముందుకొచ్చి నిలబడినాడు.

"యాడికి టికెట్టు అన్నా?"

"టికెట్టు కాదమ్మా. నీ పుస్తకం విన్నప్పటి నుంచి పిలకాయలంతా నా మేకల ఎనకాలే. పుల్లలు పట్టుకొని పెంటికలు కెలుకుతాండారు. మేకలు బెదిరి మేతే ముట్టడంల్యా!"

ఆమె నవ్వు బిగబట్టి అడిగింది. "ఏమన్నా దొరికిందా?"

ఓబుళేసు అటూ ఇటూ చూసి, కౌంటర్ కిటికీకి నోరు ఆనించి చెప్పినాడు.

"ఇంకా ల్యా. నేనూ చూస్తానే ఉండా."