పరాయి చెయ్యి

సమీక్ష పత్రంలో అయిదు ప్రశ్నలున్నాయి. ఆలోచన కొత్తదేనా, సమాజానికి పనికొస్తుందా, ఆచరణలో పెట్టగలమా, చెప్పిన తీరు ఎలా ఉంది, సమయం పాటించారా. ఒక్కోదానికి పదేసి మార్కులు. కింద మూడు ఖాళీ గీతలు. మెచ్చుకోదగ్గవి రెండు రాయాలి, మెరుగుపరచుకోవాల్సింది ఒకటి రాయాలి. ఏ గీతా ఖాళీగా వదలకూడదు. వదిలితే సమీక్షించినవాళ్ల మార్కుల్లోనే కోత పడుతుంది.

పెద్దాసుపత్రి రికార్డు గదిలో ఇరవై రెండేళ్లుగా గుమాస్తాగిరీ చేస్తున్న మనిషికి గీతలు నింపడం ఒక లెక్క కాదు. ఆ శనివారం తరగతిలో కుర్రకారు అతన్ని ‘ఫైలు బాబాయ్’ అని పిలిచేవాళ్లు. రకరకాల ఉద్యోగాలు చేసుకుంటూ, ఏడాది శిక్షణ పూర్తిచేసి, పనిచేసే చోటే సంక్షేమ సహాయకులుగా పైకి రావాలనుకునే పాతికమంది తరగతి అది. చివరి పరీక్షకు ముందు ప్రతి ఒక్కరూ జనం మంచి కోసం ఏదో ఒక పథకం తయారుచేసి అందరి ముందూ వివరించాలి. తోటివాళ్లే దాన్ని తూచాలి.

ఆరోజు గుమాస్తా వంతుకు రెండు పథకాలు వచ్చాయి. మొదటిది లిఫ్టు ఆపరేటరుది. ‘మెట్లెక్కుదాం’ దాని పేరు.

“నీ ఉద్యోగానికి నువ్వే ఎసరు పెట్టుకుంటున్నావేంట్రా?” అని వెనకబెంచీ నుంచి ఎవరో అరిచారు.

“జనం ఆరోగ్యం కోసం ఆమాత్రం త్యాగం చెయ్యకపోతే ఎలాగన్నా?” అన్నాడు లిఫ్టు ఆపరేటరు ఛాతీ మీద చెయ్యేసుకుని. “అయినా నాలుగో అంతస్తు దాటాక అందరూ నా దగ్గరికే వస్తారులే.”

గది ఘొల్లుమంది. గుమాస్తా కూడా నవ్వి, ఎనిమిదులూ ఏడులూ వేసి, గీతలు మూడూ నింపేశాడు.

రెండోది డ్రిల్లు మాస్టారిది. ‘వినే కుర్చీ’. పనిచేసే ప్రతిచోటా ఒక మూల రెండు కుర్చీలు వెయ్యాలి. బాధ ఉన్నవాళ్లు వచ్చి ఒకదాంట్లో కూర్చుంటారు. రెండోదాంట్లో కూర్చున్నవాళ్లు పది నిమిషాలు వింటారు. సలహా ఇవ్వకూడదు, మధ్యలో అడ్డు రాకూడదు. అంతే పథకం. నమూనాగా చేసి చూపించడానికి మాస్టారు టైలరమ్మను కూర్చోబెట్టాడు. ఆమె యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో పని చేస్తుంది. ఎప్పుడూ తలుపు దగ్గరి కుర్చీలో కూర్చుని, గంట కొట్టగానే అందరికంటే ముందు వెళ్లిపోతుంది. ఆమె చేతిలో మాస్టారు రాసిచ్చిన కాగితం ఉంది. మేనేజరు తిడుతున్నాడని, నిద్ర పట్టడం లేదని చదవాలి.

ఆమె కాగితం చూసింది. రెండుగా మడిచింది. మళ్లీ నాలుగుగా మడిచింది.

“మా తమ్ముడు మంచాన పడి ఏడేళ్లయింది,” అంది. “మేడ కట్టే చోట సారవ మీంచి పడ్డాడు. మెడ కింద నుంచి ఏదీ కదలదు. మాట పోయింది. కళ్లున్నాయి, చెవులున్నాయి. నేను తప్ప వాడికెవరూ లేరు. పోయిన సోమవారం పని నుంచి వచ్చేసరికి పక్క తడిపేశాడు. మార్చాను. మార్చీ మార్చకముందే మళ్లీ తడిపాడు. నేనేం అనలేదు. నిద్రమందు రోజూ చుక్కలు లెక్కపెట్టి నీళ్లలో వేస్తాను. ఆవేళ లెక్క ఆపలేదు.”

లిఫ్టు ఆపరేటరు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

“వాడి తల ఎత్తి గ్లాసు నోటిదాకా తీసుకెళ్లాను. వాడు గ్లాసు వంక చూడలేదు. నా మొహంలోకి చూశాడు. చుక్కలు నేనెప్పుడూ పైకే లెక్కపెడతాను. వాడూ వింటూనే ఉన్నాడు కదా, ఎంత దాటానో వాడికి తెలుసు.” ఆమె మడిచిన కాగితాన్ని ఒళ్లో పెట్టుకుంది. “పారబోశాను. సీసా కూడా మోరీలో పడేశాను. కానీ మర్నాటి నుంచి నా చేత్తో ఏం పెట్టినా వాడు నోరు తెరవడం లేదు. తడిగుడ్డ పెదవుల మీద పెడితే అది మాత్రం చప్పరిస్తున్నాడు. ఇవాళ్టికి అయిదో రోజు.”

డ్రిల్లు మాస్టారు తన కాగితం వెతుక్కుని, తన వంతు వాక్యం చదివాడు. “మీ బాధ నాకర్థమైంది. మాట్లాడాక మనసు తేలికపడింది కదూ?”

“తేలికపడింది,” అంది టైలరమ్మ. అది మాత్రం మాస్టారు రాసిచ్చిన మాటే.

చప్పట్లు మారుమోగిపోయాయి. “అక్కా, నువ్వు టీవీలో ఉండాల్సినదానివి!” అని లిఫ్టు ఆపరేటరు ఈల వేశాడు. “నేను రాసిచ్చింది ఇది కాదు మేడం, అంతా ఆవిడ సొంతం!” అని మాస్టారు మురిసిపోయాడు. పాఠం చెప్పే మేడం కళ్లు ఒత్తుకుంటూ, చాలా సహజంగా ఉందని, చివర్లో మాత్రం కాస్త పాకం ముదిరిందని అంది.

గుమాస్తా కలం కాగితం మీద ఆగిపోయింది. అది నటన కాదని అతనికి తెలిసిపోయింది. ఇరవై రెండేళ్లుగా కేసు షీట్లు చదువుతున్నవాడు. కల్పించి చెప్పేవాళ్లు ఏడుపు గురించి చెబుతారు. నిజంగా అనుభవించినవాళ్లు చుక్కలు పైకే లెక్కపెట్టానని చెబుతారు. కానీ అతనికి తెలియడానికి అసలు కారణం అది కాదు. ఆ సంగతి లోపల ఎక్కడో కదిలి పైకి రాబోతుంటే అతను చప్పున కలం కదిపాడు. ‘నటన సహజంగా ఉంది’ అని రాశాడు. ‘ఆలోచన సులువైనది, ఖర్చు లేనిది’ అని రాశాడు. మెరుగుపరచుకోవాల్సిన దాంట్లో ‘సమయం రెండు నిమిషాలు మించింది’ అని రాశాడు. సంతకం పెట్టి పత్రం మేడంకి ఇచ్చేశాడు.

కారణం ఇదీ. పదకొండేళ్ల కింద అతని తండ్రి రెండేళ్లు మంచంలో ఉన్నాడు. గుమాస్తానే కడిగాడు, తుడిచాడు, తినిపించాడు, ముద్ద అడ్డుపడితే వీపు నిమిరాడు. ఒక మధ్యాహ్నం ముందుగదిలో పేపరు మొహం మీద కప్పుకుని పడుకుని ఉండగా తండ్రి పిలిచాడు. వినబడింది. లేవలేదు. రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలుపు సగంలో తెగిపోయింది. నాలుగోసారి పిలవలేదు. ఆ తర్వాత కూడా అతను పేపరు తియ్యలేదు, అందులో అక్షరాల నల్లదనం చూస్తూ చాలాసేపు పడుకున్నాడు. గుండె ఆగింది, పక్కనున్నా చేసేదేం లేదు అన్నాడు డాక్టరు. ఆ కేసు కాగితాలు చివరికి అతని బల్ల మీదికే వచ్చాయి. సూదీ దారం పట్టుకుని తానే కుట్టి, వరసలో పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. తనక్కూడా చెప్పుకోలేదనే చెప్పాలి. ఇప్పుడు టైలరమ్మ చెప్పింది నిజమని ఒప్పుకుంటే, అదెలా పోల్చుకున్నావని లోపలివాడు అడుగుతాడు. అందుకే నటన అని రాశాడు.

గంట కొట్టారు. వరండాలో ఆమె చెప్పులు వేసుకుంటుంటే అతను పక్కనే నిలబడ్డాడు.

“నాకెన్ని వేశారు అన్నయ్యగారూ?” అంది ఆమె తల ఎత్తకుండానే.

“మీకు కాదమ్మా, మాస్టారికి. బాగానే వేశాను. మీరు... బాగా చేశారు.”

“బాగా చేశానా?” ఆమె ఒకసారి అతని వంక చూసింది. ఆ చూపు అతని మొహం మీద ఏదో వెతికి, దొరక్క తిరిగిపోయింది. “సరే. వస్తాను.”

ఆమె వీధి మలుపు తిరిగేదాకా అతను కదల్లేదు. తర్వాత పరుగులాంటి నడకతో వెళ్లాడు. ఆమె బస్సు స్టాపులో ఇనప బెంచీ మీద కూర్చుని ఉంది.

“అయిదు రోజులా?” అన్నాడు రొప్పుతూ.

ఆమె బస్సు వచ్చే వైపు చూసింది.

“నీళ్లు కూడా సరిగ్గా పోకపోతే మనిషి నిలవడమ్మా. ఎవరినన్నా పిలవలేకపోయారా? ఆసుపత్రికి తీసుకెళ్లలేకపోయారా?”

“తీసుకెళితే ఎందుకు తినడం లేదని అడుగుతారు. అడిగింది రాసుకుంటారు. ఆ రాసింది మీలాంటివాళ్లు ఫైల్లో కుట్టి దాస్తారు.” ఆమె గొంతులో వెటకారం కూడా లేదు, ఉత్త అలసట. “పక్కింటివాళ్లు మా గుమ్మం ఎక్కరు, వాసనట. తరగతికెందుకొచ్చావని అడుగుతారేమో. ఇంకొక్క రోజు మానేస్తే పరీక్షకి కూర్చోనివ్వరు. ఇది పాసైతే కుర్చీలో పని. మధ్యాహ్నం ఇంటికెళ్లి వాడిని చూసి రావచ్చు. అందుకొచ్చాను.” కొంగు సర్దుకుని అంది. “అక్కడ పాతికమందికి చెప్పాను. ఒక్కరైనా లేస్తారనుకున్నాను. చప్పట్లు కొట్టారు.”

“నేనూ...”

“మీరు కొట్టలేదు. చూశాను. రాసుకున్నారు.”

బస్సు వచ్చింది. ఆమె ఎక్కింది. అతనూ ఎక్కాడు. టిక్కెట్టు తీసుకునేటప్పుడు ఎక్కడికని కండక్టరు అడిగితే అతనికి తెలియదు. ఆమె ముందు సీట్లోంచి వెనక్కి తిరగకుండానే స్టాపు పేరు చెప్పింది.

ఇల్లు మూడో అంతస్తులో. రెండు గదులు. మొదటిదాంట్లో కుట్టుమిషను, దాని మీద కత్తిరించిన గుడ్డముక్కల దొంతర. రెండోదాంట్లో కిటికీ పక్క మంచం. పాత మూత్రం వాసన, దాని మీద సబ్బు వాసన. మంచం మీద ముప్పై దాటని మనిషి. బుగ్గలు లోపలికి పోయాయి, పెదవులు పగిలాయి. కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి. ఆ కళ్లు అక్కను చూసి పక్కకి తిరిగాయి. గుమాస్తాను చూసి ఆగిపోయాయి.

“మా క్లాసాయనరా,” అంది ఆమె. “పెద్దాసుపత్రిలో పని చేస్తారు. నిన్ను చూద్దామని వచ్చారు.” ఇంకేం చెప్పాలో తెలియక వంటగట్టు దగ్గరికెళ్లి జావ కాచింది. గిన్నె తెచ్చి అతని చేతికిచ్చి అంది. “నేనిక్కడుంటే తినడు. ముందుగదిలో ఉంటాను.”

తలుపు దగ్గరగా వేసుకుంది.

గుమాస్తా తమ్ముడి తల కింద చెయ్యి పెట్టి దిండు ఎత్తు చేశాడు. మెడ వెనక చెయ్యి ఎక్కడ ఆనించాలో, గడ్డం ఎంత వంచితే గుటక సులువో చేతికింకా గుర్తుంది. చెంచా పెదవుల దగ్గర పెట్టాడు. దవడలు బిగుసుకున్నాయి. చెంచా వెనక్కి తీశాడు. కళ్లు జావగిన్నె మీదికి, అక్కడి నుంచి మూసిన తలుపు మీదికి వెళ్లి వచ్చాయి. కాచింది ఎవరో వాడికి తెలుసు.

గుమాస్తా ఆ చెంచా జావ తన నోట్లో పెట్టుకుని మింగాడు. ఇంకో చెంచా మింగాడు. మింగినట్టు నోరు తెరిచి చూపించాడు. తర్వాత ఏం చెయ్యాలో తోచక ఊరికే కూర్చున్నాడు. కింద వీధిలో ఎవరో బండి స్టార్టు చెయ్యడానికి తంటాలు పడుతున్నారు. అది మూడుసార్లు దగ్గి అందుకుంది.

పెదవులు కొద్దిగా విడిపోయాయి.

మొదటి చెంచా సగం బయటికే కారింది. రెండోది దిగింది. గొంతులో అది దిగుతున్న చప్పుడు గుమాస్తాకు వినిపించింది. ఆ తర్వాత ఆకలి తన పని తాను చేసుకుపోయింది. చెంచా తీసేలోపే నోరు తెరుచుకునేది. కడుపు మాడినవాడికి ఒక్కసారే ఎక్కువ పెట్టకూడదని ఆసుపత్రిలో చాలాసార్లు విన్నాడు. అందుకే ఆగి ఆగి పెట్టాడు. ఆగినప్పుడల్లా ఆ కళ్లు అతని మొహం మీద నిలిచేవి. అందులో భయం లేదు. నమ్మకం ఉంది. గుమాస్తాకు ఆ కళ్లలోకి చూడ్డం కష్టమైంది. నువ్వు పొరపాటు మనిషిని నమ్ముతున్నావురా అబ్బాయ్, అనుకున్నాడు. మీ అక్క గ్లాసు పారబోసింది. నేను పేపరు కూడా తియ్యలేదు. అది పైకి చెప్పాలా? చెబితే ఈ దవడ మళ్లీ బిగుసుకోదా? అప్పుడింకెవరి చెయ్యి ఉంది వీడికి? నోరు తెరిచే ఉంది. చెంచా ముంచాడు.

అరగిన్నె అయ్యాక తుడిచి, దిండు దించి, తలుపు మళ్లీ వేసి ముందుగదిలోకి వచ్చాడు. టైలరమ్మ కుట్టుమిషను ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయి, ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయినట్టు.

“తిన్నాడు కదూ?” అంది. “చెంచా గిన్నెకి తగిలిన చప్పుడు వింటూనే ఉన్నాను.”

“అరగిన్నె. రెండు గంటలాగి ఇంకాస్త పెట్టాలి. ఉండి పెట్టే వెళతాను.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు వంగిపోయింది. ఏడుపు చప్పుడు మాత్రం బయటికి రాలేదు. లోపల తమ్ముడు వింటాడని ఏడేళ్లుగా అలవాటు చేసుకున్న ఏడుపు అది.

“చెయ్యి తిరిగిన మనిషి మీరు,” అంది తేరుకుని. “ఇంట్లో ఎవరికైనా చేశారా?”

“మా నాన్నకి. రెండేళ్లు.”

“అదీ సంగతి. మీ హస్తవాసి మంచిది అన్నయ్యగారూ.”

“కాదమ్మా.” అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది. “ఆ మాట అనకండి. చివర్లో ఒక మధ్యాహ్నం...”

ఆమె చెయ్యెత్తింది. కోపంగా కాదు. బరువు ఎత్తేవాళ్లు ఇక చాలని ఆపినట్టు.

“ఇవాళ వద్దు,” అంది. “ఇంకొకరిది వినే ఓపిక నాకు లేదు. ఉంటే నాది నేనే వినేదాన్ని.”

అతను తలూపాడు. గిన్నె ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకునే నిలబడ్డాడు.

“రేపు ఆదివారం, మీకు సెలవు,” అంది ఆమె. “వస్తారా?”

“వస్తాను.”

“ఎల్లుండి నుంచి?”

“డ్యూటీ దిగి వస్తాను. సాయంత్రం అవుతుంది.”

“పొద్దున?”

అతను చేతిలోని గిన్నె వంక చూశాడు. ఆమె లేచి అతని చేతిలోంచి గిన్నె తీసుకుంది. మూసి ఉన్న తలుపు దగ్గరికి నాలుగడుగులు వేసింది. గడియ మీద చెయ్యి పెట్టి, తియ్యకుండా అక్కడే నిలబడిపోయింది.

“మీరొకసారి ముందు వెళ్లండి,” అంది. “మీరున్నారని చూశాక నేనొస్తాను. పక్క మార్చాలి.”

అతను ముందు వెళ్లాడు.