మరి మీ ఇష్టం

శుభలేఖలో ఏముంది, నాలుగు ముక్కలేగా అనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ నాలుగు ముక్కల దగ్గరే సొంత అన్నదమ్ములు మాటలు మానేశారు, వియ్యంకులు కుర్చీలు ఎత్తారు. అదీ మా షాపులోనే! ఎవరి పేరు పైన, ఎవరి పేరు కింద, పెద్దమ్మ పేరు ఎందుకు లేదు, ఇవన్నీ తేల్చి, అందరూ తలెత్తుకు తిరిగేలా మాట కూర్చేది నేను. ప్రెస్సు మా మేనమామ పెట్టింది. ఆయన తర్వాత నా నెత్తిన పడింది.

మామయ్య పెట్టిన నియమం ఒకటుంది. అచ్చుకు ఎక్కించే ముందు, ఎవరి పేరుతో పిలుపు వెళుతుందో వాళ్ళు షాపులో నిలబడి ప్రూఫు కాగితాన్ని పైకి చదవాలి. తప్పు ఉన్నా కళ్ళు దాటేసి పోతాయి గానీ నాలుక తట్టుకుని ఆగుతుందని ఆయన నమ్మకం. గొణిగినా, పక్కవాళ్ళ చేత చదివించినా ఒప్పుకునేవాడు కాదు. నేనూ ఒప్పుకోను.

ఆ రోజు పరదాలు కుట్టే వదిన తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. వరస కలుపుకుని వదినా అంటాను గానీ చుట్టరికం ఏమీ లేదు, పక్క వీధి ఆవిడ. కూతురికి పెళ్ళి కుదిరింది. సంతోషంగా ఉండాల్సిన ముఖాలు రెండూ మాడిపోయి ఉన్నాయి.

"నాన్న పేరుకి ముందు కీర్తిశేషులు అని వేయండత్తయ్యా," అంది అమ్మాయి, కూర్చోకుండానే.

వదిన నేల చూపులు చూస్తోంది. 

ఆయన పోయాడని ఎవరూ చూడలేదు. గడియారాలు బాగుచేసేవాడు. ఈ పిల్ల నడక నేర్చే రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే బయటికి వెళ్ళి మళ్ళీ రాలేదు. వదిన వెతకని చోటు లేదు, మొక్కని గడప లేదు. ఇప్పటికీ ఇంటి తలుపుకు లోపలి గడియ పెట్టదు, దగ్గరగా వేస్తుందంతే. దొంగలు పడతారే తల్లీ అంటే నవ్వి ఊరుకుంటుంది.

"అంత తొందరేమొచ్చిందే నీకు?" అన్నాను. నా నోరు ఊరుకోదు.

"తొందర నాది కాదు. కాబోయే మావయ్యగారు మొహమాటం లేకుండా అడిగారు. ఉన్నాడా, పోయాడా, ఏదో ఒకటి తేల్చి కార్డులో వేయండి, లేకపోతే ఈ సంబంధం గురించి మేం ఇంకోసారి ఆలోచించుకోవాలి అన్నారు. ఎవరో ఏదో అనుకుంటారట."

"అసలు పేరే ఎత్తకుండా రాస్తాను."

"అప్పుడు అమ్మని అనుకుంటారు."

అదీ నిజమే. పేరు లేకపోతే లోకం ఊహించుకునేది ఇంకా ఘోరంగా ఉంటుంది. నేను వదిన వైపు తిరిగాను. "నువ్వేమంటావు?"

"దాని పెళ్ళి నా వల్ల చెడిపోకూడదు. వేసెయ్," అంది. కళ్ళల్లో నీళ్ళు లేవు, గొంతులో జీవం లేదు.

వేశాను. ఆ మాట టైపు చేస్తుంటే ఎవరినో నా చేత్తో పాతిపెడుతున్నట్టు అనిపించింది. ప్రూఫు తీసి వదిన చేతికిచ్చాను.

"చదువు వదినా. నియమం తెలుసుగా."

మెషీను ఆపించాను. వదిన కళ్ళద్దాలు సర్దుకుని పై నుంచి చదవడం మొదలుపెట్టింది. రోజు, వేళ, పెళ్ళి జరిగే హాలు, అన్నీ ఒకే వరసలో చదువుకుంటూ పోయింది. ఆయన పేరున్న చోట ఆగింది. పెదవులు కదిలాయి, మాట పెగల్లేదు.

తర్వాత గొంతు సవరించుకుంది. రెండుసార్లు, పొడిగా.

 అగ్గిపెట్టె అడగాలన్నా అలా రెండుసార్లు సవరించుకుని గానీ నోరు విప్పేవాడు కాదు ఆ మనిషి. వీధిలో అందరం ఆయన్ని దగ్గుల దొర అని ఏడిపించేవాళ్ళం.

"మా అమ్మాయి పెళ్ళి," అంది వదిన. ఆ గొంతు వదినది కాదు. బరువుగా, నెమ్మదిగా ఉంది. "మీరంతా తప్పకుండా రావాలి. మరి మీ ఇష్టం."

షాపంతా చల్లబడిపోయింది. వదిన కాగితం దించి, చదవడం అయిపోయిందన్నట్టు మా వైపు చూసింది.

"అమ్మా, చివర ఏదో అన్నావు. అది కార్డులో లేదే," అంది అమ్మాయి.

"ఏమన్నాను? ఉన్నదే చదివాను కదా!"

"మరి మీ ఇష్టం అన్నావు."

వదిన కాగితం మళ్ళీ చూసుకుంది, తిప్పి వెనకా చూసింది. "నేను అనలేదే," అంది పిచ్చిదానిలా.

ఇక దాచి ఏం లాభం? "అది మీ నాన్న మాటే," అన్నాను అమ్మాయితో. "ఎవర్ని ఏం అడిగినా చివర ఆ ముక్క తగిలించేవాడు. గడియారం ఇచ్చి డబ్బులు అడిగినా అంతే. గొంతూ అదే."

అమ్మాయి దబ్బున కూలబడింది. "నాన్న గొంతు ఎలా ఉంటుందో నాకు తెలీదత్తయ్యా. ఎంత గుర్తు తెచ్చుకున్నా రాదు. ఇలాగే ఉంటుందా?" అంటూ చంటిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ కన్నీళ్ళు ఆగలేదు.

కళ్ళు తుడుచుకోకుండానే ఫోను తీసింది. "మావయ్యగారూ, మా నాన్న పోయారని మాకు తెలీదు. తెలీనిది కార్డులో వేయలేం. ఆయన పేరు మామూలుగానే ఉంటుంది. మీరు ఆలోచించుకుంటానంటే ఆలోచించుకోండి."  ఆయన, "సరే, అడిగినవాళ్ళకి మీరే చెప్పుకోండి," అన్నాడట.

కీర్తిశేషులు తీసేశాను. పిలిచేవాళ్ళ పేర్లలో ఆయనదే ముందు పెట్టాను. కింద, అమ్మాయి కోరినట్టే, తప్పకుండా రావాలి, మరి మీ ఇష్టం అని వేశాను. మామయ్య నియమం తప్పలేదు. పిలిచినవాడు పైకి చదివాకే అచ్చు వేశాను.

పెళ్ళిలో నేను వదిన పక్కనే, వేదికకి ఎదురుగా ముందు వరసలో కూర్చున్నాను. పిలిచినవాళ్ళంతా వచ్చారు. దండలు మార్చుకునే వేళ హాలు ఒక్కసారిగా సద్దుమణిగింది. అప్పుడు మా వెనక, గుమ్మం వైపు నుంచి, ఎవరో గొంతు సవరించుకున్నారు. రెండుసార్లు, పొడిగా.

వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తిరిగి చూడలేదు. వేదిక మీద అమ్మాయి తలెత్తి మా తలల మీదుగా గుమ్మం వైపు చూసింది. ఆ ముఖం చూస్తే తెలిసిపోతుందని వదిన కళ్ళు మూసుకుంది.

నేను మూసుకోలేదు. అమ్మాయి చాలాసేపు వెతికి, నా వైపు చూసి, లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"నిలబడనివ్వకు. ఆయనకి మోకాళ్ళ నొప్పులు. కూర్చోమను," అంది వదిన, కళ్ళు తెరవకుండానే.

"కూర్చున్నారు వదినా," అన్నాను.