అందింది అన్నాకే

క్యారల్ తయారుచేసిన స్క్రీన్ ముచ్చటగా ఉంది. తెలుగు అక్షరాలు, కంటికి హాయైన రంగులు. ఒక్కటే లోటు, దాన్ని ఎవ్వరూ ముట్టుకోవడం లేదు.

సికింద్రాబాద్‌లో బ్యాండు మేళాలకు యూనిఫారాలు కుట్టే ఓంప్రకాశ్ కార్ఖానా అది. కోత నుంచి ఇస్త్రీ దాకా ఏ పని ఎవరి దగ్గరుందో చూపే సాఫ్ట్‌వేర్ కొన్నాడాయన. దానితో వచ్చిన స్క్రీన్ అక్కడెవరికీ కొరుకుడు పడకపోవడంతో, కార్ఖానాకు తగినట్టు వేరేది చేసే పని క్యారల్‌కు దక్కింది. ఆమె సొంతంగా చేసిన మొదటి పని. పూర్తి చేసినవాళ్లు టాబ్లెట్ మీద "అయిపోయింది" అని నొక్కితే చాలు, పని తర్వాతివాళ్ల పేరు మీదికి దానంతటదే వెళ్లిపోతుంది. ఇంతకన్నా సులువేముంది అనుకుంది, పాపం.

"సాయంత్రం దాంక చూస్త మేడం," అన్నాడు ఓంప్రకాశ్. "నడ్వకుంటే తీసేసుడే. గోడ మీది బోర్డే మాకు మంచిగుండె."

ఇది తీసేస్తే ఆఫీసులో రాజేందర్ సార్ ఇక ఏ పనీ క్యారల్ చేతికివ్వడు. వేరేవాళ్ల స్క్రీన్లలో తప్పులు దిద్దుకుంటూ పడి ఉండాల్సిందే. ఏడుపొచ్చినంత పనైంది. కానీ మల్కాజ్‌గిరి పిల్ల, అంత తేలిగ్గా మూటాముల్లె సర్దే రకం కాదు. ల్యాప్‌టాప్ మూసి, స్టూలు లాక్కుని, మనుషుల్ని చూస్తూ కూర్చుంది.

కటింగ్ మాస్టర్ పర్వతాలు కోటు ముక్కల మూట తెచ్చి, కుట్టే దేవమ్మ ముందు పెట్టి "ఇచ్చిన" అన్నాడు. ఆమె మూట విప్పి, చేతులూ కాలర్లూ సరిచూసుకుని "అందింది" అంది. అప్పుడుగానీ ఆయన కదల్లేదు.

"అమ్మా, టాబ్లెట్ ఎందుకు నొక్కుతలేరు?" అని దేవమ్మను అడిగింది క్యారల్.

"ఎట్ల నొక్కాలె బిడ్డా? మాస్టర్ ఆడ ఒత్తంగనే ఈడ నా టైము షురూ అయితది. మూట నా చేతికే రాలే! లేటు చేసింది దేవమ్మ అంటడు సేటు. ఒత్తకుమని నేనే చెప్పిన."

క్యారల్ తల పట్టుకుంది. తప్పు తనదే. ఇక్కడ ఒకరు ఇస్తే సరిపోదు, ఇంకొకరు పుచ్చుకోవాలి. ఆ పుచ్చుకోవడాన్నే తన స్క్రీన్ మింగేసింది.

అన్నం డబ్బా పక్కకు నెట్టి ల్యాప్‌టాప్ తెరిచింది. లోపలి సాఫ్ట్‌వేర్‌ను కదపలేదు. పైన స్క్రీన్ మీద "అయిపోయింది" మీట తీసి రెండు పెట్టింది: "ఇచ్చిన", "అందింది". రెండోది నొక్కేదాకా పని ఇచ్చినవాళ్ల పేరు మీదే ఉంటుంది.

పర్వతాలు అనుమానంగానే "ఇచ్చిన" నొక్కాడు. దేవమ్మ మూట విప్పి చూసి చేతులు కట్టుకుంది.

"కాలర్ ఏదీ? నేనొత్తను పో!"

పని మాస్టర్ పేరు మీదే నిలిచిపోయింది. కార్ఖానా అంతా గొల్లున నవ్వింది. ఆయన సిగ్గుపడుతూ కాలర్ తెచ్చాకే ఆమె దర్జాగా "అందింది" నొక్కింది. ఇక పట్టపగ్గాల్లేవు. ఇస్త్రీవాళ్లూ, గుండీలవాళ్లూ టాబ్లెట్ దగ్గర ఒకటే తోపులాట.

సాయంత్రం ఓంప్రకాశ్ రాజేందర్‌కు ఫోన్ కలిపాడు. "భాయ్, మా కాప్రా కార్ఖానాకు సుత గిట్లాంటిదే కావాలె. ఇంకెవర్నో పంపకు, ఈ మేడమ్‌నే పంపు." ఫోన్ క్యారల్‌కిచ్చాడు.

"కాప్రా పని నీదేనమ్మా," అన్నాడు రాజేందర్. "నీ కింద ఎవరు కావాలో నువ్వే చెప్పు."

క్యారల్‌కు కేక పెట్టాలనిపించింది. పెట్టేసింది కూడా. మిషన్లన్నీ ఆగిపోయాయి.

"ఏందే బిడ్డా, ఏమైంది?" అని దేవమ్మ పరుగెత్తుకొచ్చింది.

"గెలిచినమ్మా!" అని ఆమెను వాటేసుకుంది క్యారల్.