కెన్యా పిలగాని వరుస

పరదేశపు విద్యార్థి ఒకడు మా ఇంట్లో ఉంటాడని పాస్టరుగారు చెప్పడానికి వచ్చినప్పుడు నేను చక్కెర ఫ్యాక్టరీలో బాయిలరు డ్యూటీ దిగి, ఒంటికి అంటుకున్న చెరుకు పిప్పి దులుపుకుంటున్నాను. బోధన్‌లో చెరుకు సీజను అప్పుడే మొదలైంది. "ఏసుదానం, నీ ఇంట్లో ముందర అర్ర ఖాళీగానే ఉంది కదా" అన్నారాయన. నా ఇంట్లో ఖాళీగా ఉన్నదేదో నాకంటే ఊళ్లోవాళ్లకే బాగా తెలుస్తుంది. కాదనడానికి నేను గొంతు సవరించుకునేలోగా నా భార్య శారమ్మ "పంపుండ్రి అయ్యగారూ" అనేసింది.

వచ్చినవాడి పేరు ఒకెల్లో. కెన్యా దేశం. వాళ్లకు స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి మూడేళ్లే. హైదరాబాదులో వ్యవసాయ కాలేజీలో చదువుతూ, సీజనంతా మా ఫ్యాక్టరీలో పని చూసి, చుట్టుపక్కల రైతులను అడిగి చెరుకు సాగు సంగతులు రాసుకుపోవడానికి వచ్చాడు. ఫ్యాక్టరీ క్వార్టర్లలో గది ఇస్తామన్నా వద్దన్నాడట. రెండేళ్లుగా ఈ దేశంలో ఉంటున్నా ఒక్క ఇంటి లోపల కూర్చుని అన్నం తినలేదట. ఈసారి ఇంట్లోనే ఉంటానని పట్టుబట్టాడట.

నేను నాలుగో తరగతిలో బడి మానినవాణ్ని. నా ఇంట్లో, నా లాంతరు ముందర పెట్టుకుని ఒకడు దిండంత పుస్తకాలు చదువుతుంటే చూసి మురిసిపోతానని పాస్టరుగారు అనుకున్నారు కాబోలు.

మొదటి నాలుగు రోజులు శారమ్మ అతనికి సన్నబియ్యం వండింది. మేము వెనక పంచలో కూర్చుని మక్కజొన్న రవ్వతో వండిన గట్క, పచ్చిపులుసు తిని చేతులు కడుక్కునేవాళ్లం. చుట్టం ముందు గట్క తింటే పరువు పోతుందని ఆమె భయం. ఒకనాడు అతను వాసన పట్టుకుని వెనక పంచలోకే వచ్చాడు. గట్క కుండలోకి తొంగి చూసి, ఎన్నడో తప్పిపోయిన మనిషి కనబడ్డట్టు నిలబడిపోయాడు.

"ఇది మా దేశంలో రోజూ తింటాము. నాకు ఎందుకు పెట్టలేదు?" అన్నాడు, పట్నంలో నేర్చుకున్న పుస్తకాల తెలుగులో.

"అయ్యో, గిది చుట్టాలకు పెట్టేదా బిడ్డా" అంది శారమ్మ.

అతను కింద చతికిలబడి చెయ్యి చాపాడు. వేళ్లతో ముద్ద చేసి, బొటనవేలితో గుంట నొక్కి, ఆ గుంటలో పులుసు తీసుకుని తిన్నాడు. నాకంటే శుభ్రంగా తిన్నాడు. ఆ రోజు నుంచి మా సన్నబియ్యం మిగిలిపోయింది. ఆ సంగతి నాకు బాగానే ఉండింది.

మా అమ్మాయి రూతమ్మ పదో తరగతి అయిపోయి, నర్సు ట్రైనింగు పిలుపు కోసం చూస్తూ ఇంట్లో ఉంది. సాయంత్రం వాకిట్లో కూర్చుని అతనికి మాటలు నేర్పేది. బండి కాడి, చెరుకు గడ, మడి, మోట. అతను తప్పు పలికితే బడిపంతులులాగా గదమాయించేది. శారమ్మ బియ్యం చెరుగుతూ నవ్వేది. పైకి గొణిగేవాణ్ని గాని, పొద్దంతా బాయిలరు సెగలో ఉండి వచ్చినవాడికి ఆ వాకిలి చల్లగా ఉండేది.

చిక్కంతా పిలుపు దగ్గర వచ్చింది. మమ్మల్ని ఏమని పిలవాలో అతనికి తెలియలేదు. ఒకనాడు నన్నే అడిగాడు. నేను "ఏదో ఒకటి పిలువు" అన్నాను. మా దిక్కున ఏదో ఒకటి అని పిలిచే పద్ధతి లేదని నాకూ తెలుసు. ఇంట్లో నాలుగు రోజులున్న మనిషికి వరుస ఉండాలి. వరుస లేకుంటే ఎవరితో ఎంత మాట్లాడాలో, ఎవరి ముందు కూర్చోవాలో, ఎవరితో నవ్వాలో ఏదీ తేలదు. అయినా నాకెందుకులే అని ఊరుకున్నాను.

నేను చెప్పని మాట లింబయ్య చెప్పాడు. లింబయ్య నాతోపాటు బాయిలరు దగ్గర పిప్పి నెట్టేవాడు, నోటికి తీరిక లేనివాడు. "గీ బోధన్ల మీసం తెల్లవడ్డ ప్రతోడు మామనే. మామా అని పిలువు, ఖుషీ అయితడు" అని ఒకెల్లోకు నేర్పాడు. మర్నాడు పొద్దున్నే ఒకెల్లో చెంబు పట్టుకుని వచ్చి "మామా, నీళ్లు కావాలా?" అన్నాడు. శారమ్మను అత్తా అన్నాడు. నిజానికి బజారులో ఎవరినైనా మామ అంటారు, తప్పేం లేదు. కాని పెళ్లీడు పిల్ల ఉన్న ఇంట్లో మకాం ఉన్న కుర్రవాడు రోజూ ఆ మాట అంటే గల్లీ ఊరుకోదు.

ఎదురింటి హుసేన్ బీ ముందుగా అందుకుంది. నాకంటే పదేళ్లు పెద్దది, గల్లీకంతటికీ పెద్దక్క. "ఏమయ్యా ఏసుదానం, దునియా తిరిగి అల్లున్ని తెచ్చుకున్నవంట. దావత్ ఎప్పుడు?" అంది. ఆ తర్వాత అందరూ అతన్ని అల్లుడని పిలవడం మొదలుపెట్టారు. కటికె దుకాణం ముందు, కల్లు కాంపౌండు ముందు, నల్లా దగ్గర, ఎక్కడ చూసినా "అల్లుడూ, కాళ్లు కడుక్కున్నవా, అత్త మంచిగ అర్సుకుంటున్నదా" అని ఒకటే పరాచికాలు. ఒకెల్లో అందరికీ నమస్కారం పెట్టి నవ్వేవాడు. అల్లుడంటే గౌరవమైన చుట్టమని అతని అంచనా. రూతమ్మ నల్లా దగ్గరికి వెళ్లడం తగ్గించింది. పాఠాలు మాత్రం మానలేదు.

ఆదివారం నాడు అసలు ముచ్చట జరిగింది. ఆరాధన అయిపోయి అందరం చర్చి ముందు చెప్పులు వేసుకుంటున్నాం. రూతమ్మ తన పాటల పుస్తకం బెంచీ మీద మరిచిపోయి వచ్చింది. ఒకెల్లో దాన్ని తీసుకుని మెట్లమీద నిలబడి, ఊరంతా వినేటట్టు, ఎంతో మర్యాదగా పిలిచాడు.

"మరదలా, నీ పుస్తకం."

మామ కూతురిని ఏమంటారో కూడా లింబయ్యే నేర్పాడట. ముసలమ్మలు కొంగులు సర్దుకున్నారు. కుర్రవాళ్లు ఒకరి వీపు మీద ఒకరు కొట్టుకుని నవ్వారు. రూతమ్మ పుస్తకం తీసుకోకుండా గబగబా నడిచి వెళ్లిపోయింది. ఒకెల్లో పుస్తకం చేతిలో పట్టుకుని ఒక్కొక్కరి మొహం చూశాడు. తాను ఏమన్నాడో అతనికి తెలియలేదు, ఏదో విరిగిందని మాత్రం తెలిసింది.

పాస్టరుగారు నన్ను పక్కకు తీసుకుపోయారు. "పిల్లవాడు మంచివాడే. కాని రేపోమాపో ట్రైనింగుకు పోవలసిన ఆడపిల్ల. మాట పుట్టింది కదా. రేపు సాయంత్రం రిక్షా పంపిస్తాను, క్వార్టర్లకు మారుద్దాం" అన్నారు. నేను తలూపాను. తలూపడం నాకు బాగా అలవాటు.

ఇంటికి వచ్చేసరికి వార్త మాకంటే ముందే చేరింది. శారమ్మ పొయ్యి ముట్టించలేదు.

"అతను కావాలని అన్లే బాపూ. లింబయ్య కాక నేర్పిండు" అంది రూతమ్మ. "ఆయినను పంపుడెందుకు? వరుస మారిస్తె అయిపాయె."

"ఎట్ల మారుస్తరే? అంగీనా, మార్చుడానికి?" అన్నాను.

హుసేన్ బీ మా గడప మీద కూర్చుని పాన్ నములుతోంది. "మార్చొచ్చు. నా కొడుకు లెక్క అని నువ్వు నలుగుట్ల ఒక్క మాట అను. పిల్లకు అన్న అయితడు. ఇగ ఎవడు నవ్వుతడు? నీకు గా మాట అనుడు బరువైతున్నదా ఏసుదానం?"

"ఐతున్నది" అన్నాను.

నిజంగానే బరువు. మా నాయన చచ్చిపోయిన రోజున మా చిన్నబాపు, నాయన తమ్ముడు, పదిమందిలో నన్ను దగ్గరికి తీసుకుని "వీడు నా కొడుకు లెక్కనే" అన్నాడు. అందరూ కండ్లు తుడుచుకున్నారు. వారం తిరక్కముందే నా పలక అటకెక్కింది, నేను బర్రెల వెంట మాక్లూరు చెరువు దిక్కు పోయాను. ఆయన సొంత కొడుకు మెట్రిక్ దాకా చదివి నౌకరీ చేస్తున్నాడు. అందుకని ఆ మాట నేను ఎవరి దగ్గరా తీసుకోను, ఎవరికీ ఇవ్వను. లెక్కనే కొడుకు అంటే ఏమిటో నాకంటే ఎరిగినవాడు ఈ జిల్లాలో లేడు.

సోమవారం సాయంత్రం రిక్షా వచ్చింది. గల్లీ అంతా గుమ్మాల్లోకి వచ్చింది. లింబయ్య కూడా వచ్చి, చేసిన పనికి మొహం చెల్లక వేపచెట్టు చాటున నిలబడ్డాడు. ఒకెల్లో రాత్రి నుంచి ఎవరినీ ఏమనీ పిలవడం లేదు. ఏ మాట అంటే ఏం విరుగుతుందో అని పిలుపులన్నీ మానేశాడు. శారమ్మ రొట్టెలు మూటగట్టి చేతిలో పెడితే "ధన్యవాదములు" అని ఊరుకున్నాడు. ఆమె మొహం చిన్నబోయింది. అత్తా అని అనకపోతే పోనీ, శారమ్మా అనడానికీ అతనికి ధైర్యం లేదు.

"నేను వెళ్తున్నాను" అన్నాడు, మా గోడను చూస్తూ.

పెట్టె రిక్షాలో పెట్టి, పుస్తకాల కట్ట ఎత్తబోయాడు. కళ్లలో నీళ్లు ఉన్నాయేమో, సరిగ్గా చూసుకోలేదు. తాడు తెగి పుస్తకాలన్నీ జారి, వాటిలో రెండు మురికి మోరీలో పడ్డాయి. అప్పుడు ఏమైందో గాని నాకు ఒళ్లు మండింది.

"ఏం రా, కండ్లు నెత్తిమీదున్నయా? గంత ఖరీదు పుస్తకాలు మోరీల వడేస్తవా?"

మా దిక్కున ఎంత కోపమొచ్చినా అల్లుణ్ని పదిమందిలో ఏం రా అనరు. అల్లుడి మీద కేకలు వేయరు. కేకలు వేయించుకునే హక్కు కడుపున పుట్టినవాడిదే. హుసేన్ బీ నములుతున్న పాన్ ఆపి నన్ను చూసింది. నా నోటినుంచి ఏం వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది. ఆపితే ఆగేది. ఆపలేదు.

"ఎవడో లుచ్చా నేర్పితే గదే అనుడేనా? నీకు తలకాయ లేదా? చెల్లెను గట్ల పిలుస్తరా ఎవరన్న? గింత చదువు చదివి గది తెల్వదా నీకు?"

వేపచెట్టు చాటున లింబయ్య ఇంకా చిన్నగా అయిపోయాడు. ఒకెల్లో తడిసిన పుస్తకాలు గుండెకు పట్టుకుని నిలబడ్డాడు. నేను తిడుతున్నానని అతనికి తెలుసు. మిగతా గల్లీ ఎందుకు నవ్వు మొహాలు పెట్టిందో తెలియలేదు. రూతమ్మ వైపు చూశాడు. ఆమె నోరు కదపకుండా గడ్డంతో నా వైపు చూపించింది.

"తప్పయింది" అన్నాడు.

"ఎవరికి చెప్తున్నవ్? గోడకా?"

రూతమ్మ నన్ను ఏమని పిలుస్తుందో రోజూ విన్నవాడే.

"తప్పయింది బాపూ."

"ఆఁ. ఇగ గా పెట్టె దించు. రిక్షా ఆయన ఎంతసేపు నిలవడాలె నీ కోసం?"

వాడు పెట్టె దించాడు. హుసేన్ బీ రిక్షావాడికి మంచినీళ్లు ఇచ్చి, "పో నాయనా, పాస్టరు సాబ్‌కు చెప్పు, ఏసుదానం కొడుకు యాడికి పోతలేడని" అంది. శారమ్మ మూట విప్పి రొట్టెలు మళ్లీ బుట్టలో పెట్టింది. ఏడుస్తూ పెట్టిందో, నవ్వుతూ పెట్టిందో, నాకైతే సరిగ్గా కనిపించలేదు.

మర్నాడు పాస్టరుగారు స్వయంగా వచ్చారు. ఆయన గుమ్మంలో అడుగు పెట్టేసరికి నేను వాణ్ని తిడుతున్నాను, బొక్కెన బావిలో జారవిడిచినందుకు. వాడు కొక్కెం పట్టుకుని బావిలోకి వంగి "దొరుకుతుంది బాపూ, దొరుకుతుంది" అంటున్నాడు. పాస్టరుగారు ఇద్దరినీ కాసేపు చూసి, శారమ్మ ఇచ్చిన చాయ్ తాగి, క్వార్టర్ల సంగతి ఎత్తకుండా వెళ్లిపోయారు.

అన్న వరుస కుదిరాక చెల్లెకు గాజులు తేవాలని హుసేన్ బీ వాడికి చెప్పింది. ఇది లింబయ్య చెప్పిన రకం కాదని నన్ను అడిగి మరీ రూఢి చేసుకున్నాడు. ఆ శుక్రవారం అంగడిలో జహీరున్నీసా గాజుల దుకాణం ముందు నిలబెట్టి, మమ్మల్నందరినీ ఎండలో కాపు కాయించాడు. ఆమె "పిల్ల చెయ్యి ఏ సైజు?" అని అడిగింది. వాడు ఆలోచించి, తన పిడికిలి ముడిచి చూపించాడు.

"అన్నా, గవి నాకు గాదు, బర్రె కాళ్లకొస్తయి" అంది రూతమ్మ.

జహీరున్నీసా నవ్వు ఆపుకోలేక గాజుల పెట్టె మూసి మళ్లీ తెరిచింది. శారమ్మ నా భుజం పట్టుకుని నవ్వింది. నాకు డ్యూటీ టైము దగ్గర పడుతోంది.

"తొందరగ తీస్కోరా" అని అరిచాను. వాడు "తీస్కుంటున్న బాపూ" అని, మా మాటలోనే, ఇంకో గాజు ఎండకెత్తి చూశాడు.