తొమ్మిదింటి ల్యాబ్

"గంట ముందా? సరేలే, వెళ్ళు. ఊరికే కూర్చుని చేసే పనేగా! నా డబ్బా మాత్రం నువ్వు బయల్దేరేలోపే సర్దిపెట్టెయ్."

ఏడాది కిందట, లంచ్ డబ్బా మూత నొక్కుతుండగా భర్త అన్న మాటలివి. ఆ 'సరేలే' చెవిన పడగానే ఆమెకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. మొహం మాత్రం పని భారం నెత్తిన పడినదానిలా పెట్టి, "ఏం చేస్తాం, ఇవాళ్టి నుంచి ల్యాబ్ తొమ్మిదింటికే తెరుస్తారట" అని ఇంకోసారి చెప్పింది. ఎవరూ తెరవట్లేదు. ల్యాబ్ ఎప్పట్లాగే పదింటికే తెరుస్తారు. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఆమె ఆడిన అబద్ధాలన్నిట్లోకీ ఇదే పెద్దది, ఇదే తియ్యనిది కూడా.

ఆమె పని పళ్ళు చెయ్యడం. డాక్టర్లు పంపిన ప్లాస్టర్ అచ్చుల మీద గులాబీ రంగు మైనంతో చిగుళ్ళు దిద్ది, ఒక్కో పన్నూ నిలబెట్టి, కట్టుడు పళ్ళ సెట్లు తయారుచేస్తుంది. పెద్దసారుతో కలిపి ల్యాబులో ముగ్గురే మనుషులు. పెద్దసారుకి నడుం పట్టేసి షట్టర్ ఎత్తలేక తాళంచెవి ఆమెకిచ్చేశాడు. ఆ అబద్ధానికి ముందురోజు ఏమైందంటే, ఇంట్లో గడియారానికి బ్యాటరీ మార్చిన అత్తగారు ముల్లు ఒక గంట ముందుకి పెట్టేశారు. పిల్లలిద్దరికీ తలలు దువ్వి, సంచులు సర్ది, రొప్పుకుంటూ పరిగెత్తుకొచ్చి తాళం తీసి చూస్తే ఏముంది, వీధి వీధంతా షట్టర్లు దించే ఉన్నాయి. తొమ్మిది!

సరే, ఏం చెయ్యాలి? కూర్చుంది. ఎవరూ పిలవలేదు. ఎవరూ "ఎక్కడుంది?" అని అడగలేదు. స్పిరిట్ దీపం వెలిగించి, చెత్తలో పడెయ్యాల్సిన మైనం ముక్కని వెచ్చచేసి వేళ్ళ మధ్య నలుపుతూ ఉంటే, చూస్తుండగానే అది కుళాయి అయింది. వాళ్ళ వంటింటి కుళాయి, జారీ జారని బొట్టుతో సహా, బొటనవేలి గోరంత! ఆమె పైకే నవ్వేసింది. ఖాళీ ల్యాబులో ఆ నవ్వు ఎంత గట్టిగా వినిపించిందంటే, ఇది నేనేనా అని తనే ఉలిక్కిపడింది.

ఆ రోజంతా ఆ కుళాయి గురించే ఆలోచన. తోమిన గిన్నె సాయంత్రానికి మళ్ళీ సింకులో ఉంటుంది, ఉతికిన చొక్కా మర్నాటికి మళ్ళీ బకెట్లో ఉంటుంది, ఊడ్చిన గది మధ్యాహ్నానికి ఊడవనట్టే ఉంటుంది, చివరికి తను చేసిన పళ్ళు కూడా ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళ నోట్లోకి వెళ్ళిపోతాయి, తను పొద్దున్నుంచి రాత్రిదాకా చేస్తూనే ఉంటుంది కానీ చేసింది ఇదీ అని చూపించడానికి చేతిలో ఏదీ మిగలదు. ఈ కుళాయి మిగిలింది. టేబుల్ మీద పెట్టి వెళ్తే మర్నాడు కూడా అక్కడే ఉంటుంది. ఆ మాట తట్టగానే ఒళ్ళు ఝల్లుమంది. అప్పుడే ఒట్టు పెట్టుకుంది. ఏడాదిపాటు రోజుకొకటి చేస్తాను, ఒక్క రోజు కూడా తప్పను. చేతికి తగిలే పనులే బొమ్మలు. ఇంకేం కావాలి, పనులకి కొదవా!

ఎన్ని చేసిందో! ఉండచుట్టి విసిరేసిన ఒంటి సాక్సు. కుక్కర్ విజిల్. పిండేసిన తుడుపు గుడ్డ. సగం ఊడిన బడి చొక్కా గుండీ. అత్తగారి వాచిన మోకాలు. జ్వరంతో కాళ్ళు వణికిన రోజు సైతం వదలకుండా థర్మామీటర్ చేసింది. అన్నిటినీ కోడిగుడ్ల అట్టల్లో పేర్చి పై అరలో పెట్టేది. అట్టకి ముప్ఫై. ఒక్కో అట్ట నిండుతుంటే ఒళ్ళో పసిపిల్ల బరువెక్కుతున్నంత సంబరం. పెద్దసారు ఒకసారి అద్దాలు పైకెత్తి చూసి, "అమ్మాయ్, ఇందులో నా నడుం లేదు కదా?" అని మాత్రం అడిగాడు.

ఆదివారాలే పెద్ద చిక్కు. ల్యాబుకి సెలవు, ఇంట్లో అందరూ ఉంటారు. అందుకని మైనం ముక్క జేబులో దాచుకొచ్చి, బాత్రూంలో తలుపేసుకుని, మగ్గులో వేణ్ణీళ్ళు పట్టి అందులో మెత్తబరిచి చేసేది. గంట! బయట్నుంచి తలుపు దబదబా బాదడాలు. "ఇంకా అవలేదా?" "ఆదివారం వస్తే చాలు, దీనికి కడుపు చెడుతుంది" అని అత్తగారు తీర్మానించారు. భర్త మాత్రలు తెచ్చాడు. ఆమె గుటుక్కుమని మింగి థాంక్స్ చెప్పింది.

అలా మూడువందల అరవై ఒకటి అయ్యాయి. మూడువందల అరవై రెండోది శనివారం. ఆ రోజు ఆమె చేస్తున్నది ఒక చెయ్యి. పేపర్లోంచి కళ్ళు తిప్పకుండా ఖాళీ టీ గ్లాసు చాపే చెయ్యి. ఉంగరం అంచు దిద్దుతోంది, ఊపిరి బిగబట్టి. అప్పుడు సగం దించిన షట్టర్ కింద నాలుగు కాళ్ళు కనిపించాయి.

"ఏమోయ్, ఉన్నావా? అమ్మ పళ్ళు సింకులో పడి రెండు ముక్కలయ్యాయి!"

భర్తకి ఆ రోజు ఆఫీసు లేదు. ఆమె ఇక్కడ చేరిన పదకొండేళ్ళలో ఆయన ఈ గుమ్మం తొక్కడం అదే మొదలు. వెనకాలే అత్తగారు, బోసినోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. ఆయన లోపలికొచ్చి ఖాళీ కుర్చీలు చూశాడు, గడియారం చూశాడు, మళ్ళీ బయటికెళ్ళి గోడ మీది బోర్డు గట్టిగా చదివాడు. "పని వేళలు, పది నుంచి ఆరు."

"తొమ్మిదింటికి అన్నావు?"

"అబద్ధం చెప్పానండీ."

చెప్పేసింది! ఆయన టేబుల్ మీదికి వంగి చూశాడు. "ఇది నా చెయ్యి కాదూ?"

"మీదే. ఏడాదిపాటు రోజుకొకటి చేస్తానని ఒట్టు పెట్టుకున్నాను, ఇది మూడువందల అరవై రెండోది."

"ఎవరికోసం చేస్తున్నావివి? ఎవరైనా అడిగారా?"

"లేదండీ. ఊరికే."

ఇన్నేళ్ళూ ఆ మాట ఆమె మీద పడేదే తప్ప ఆమె నోట్లోంచి రాలేదు. ఊరికే కూర్చున్నావు, ఊరికే ఏడుస్తావు, ఊరికే ఉన్నావుగా ఈ పని చూడు. అబ్బ, తనకోసం తను అనుకుంటే ఎంత హాయిగా ఉందీ మాట! "ఊరికే చేస్తున్నాను" అని ఇంకోసారి అంది, రుచి చూసినట్టు.

"రోజుకో గంట! ఏడాదిపాటు!" ఆయన గొంతు పెరిగింది. "ఆ గంట ఇంట్లో ఉంటే అమ్మ కాళ్ళకి నూనె రాయొచ్చు, నా చొక్కాలు ఇస్త్రీ అవుతాయి. ఆ ధ్యాసే లేదన్నమాట!"

"ఒరేయ్, కాస్త ఆగు." అత్తగారు అప్పటికే అరలోంచి ఒక అట్ట దించి ఒళ్ళో పెట్టుకున్నారు. నోటికి అడ్డం పెట్టిన చెయ్యి ఎప్పుడు తీశారో ఆవిడకే తెలీదు. "ఇది నా మోకాలే! ఆ వాపు చూడు! ఇదిగో, నేను పళ్ళు నానబెట్టుకునే గిన్నె. ఇదేంటమ్మాయ్, మగ్గా?"

"బాత్రూంలో చేశానత్తయ్యా. ఆదివారం."

అత్తగారు కళ్ళు చిట్లించి కోడలిని తేరిపార చూశారు. "అయితే ఆ కడుపునొప్పి?"

"అదీ అబద్ధమే."

"మరి ఆ మాత్రలు?"

"మింగానండీ. ఏం చెయ్యను, మీ అబ్బాయి ఎదురుగా నుంచున్నారు."

అత్తగారు బోసినోటితో పకపకా నవ్వేశారు. అట్ట జారిపోబోతే రెండు చేతులా పొదివి పట్టుకున్నారు. ఆయన మాత్రం నవ్వలేదు. ఇద్దరాడవాళ్ళనీ మార్చి మార్చి చూసి, చివరికి పెద్దమనసు చేసుకున్నవాడిలా గొంతు తగ్గించాడు. "సరే, అయిందేదో అయింది. ఎన్ని మిగిలాయి, మూడా? కానియ్, నేనేం అనను. మంగళవారంతో ముగించెయ్. బుధవారం నుంచి పదింటి వేళకే వద్దువుగాని."

ఆమె విరిగిన పళ్ళ సెట్టు చేతిలోకి తీసుకుని ముక్కల అంచులు కలిపి చూస్తోంది. చక్కగా కలుస్తున్నాయి, అతుకుతాయి. గంటని ఏడాదిపాటు దొంగసరుకులా దాచుకుంది. బాత్రూంలో కూడా దాక్కుంది, రోగం లేకుండా మందు మింగింది. అయినా ఇంత పని చేసింది. దాక్కోకుండా చేస్తే ఇంకెంత చేస్తుంది! చిన్న బొమ్మలు కాదు, చేతులు రెండూ పట్టేంత పెద్దవి. కంగారంతా ఎటు పోయిందో, లోపల పొంగుతున్నది మాత్రం పట్టరాని సంతోషమని ఆమెకి స్పష్టంగా తెలిసింది.

"బుధవారం నుంచి ఎనిమిదింటికల్లా ఇక్కడుంటానండీ. పొద్దున డబ్బాలు మీరు సర్దుకోవాలి, పిల్లలవి కూడా."

"ఎనిమిదా?" ఆయన అలవాటుగా అడిగేశాడు. "మళ్ళీ వేళలు మార్చారా?"

"లేదండీ," అంది ఆమె. "ల్యాబ్ పదింటికే తెరుస్తారు."