ఊ కొట్టని మధ్యాహ్నం

గుండ్ల మీద గువ్వ కూస్తోంది. ఊ... ఊ...

మాదాపూర్ గుండ్లు అవి. ఎండకు కాగి కాగి, ఇళ్లలోకి కూడా సెగ పంపే రాళ్లు.

నిన్న అందులో ఒక గుండు మీంచే జారింది సక్కుబాయి. ఏడేళ్ల పిల్ల. సీతాఫలం కోసం చెయ్యి చాపింది... అంతే.

తల నేలకు కొట్టుకుంది. కాసేపు కళ్లు తెరవలేదు.

పట్నం దవాఖానలో డాక్టరు చెప్పాడు — మెదడు అదిరింది. పడుకోనివ్వండి. ఊరికే మాట్లాడించొద్దు, నవ్వించొద్దు. మధ్యమధ్య లేపి పేరడగండి. వాంతులైనా, లేపితే లేవకపోయినా, వెంటనే తీసుకురండి.

నవ్వించొద్దు!

తాత లింగమూర్తికి చేతనైంది అదొక్కటే.

తన తాత పెసరగింజంత రాయి పాతిపెడితే, మూడు వానలకు ఈ గుండ్లన్నీ మొలిచాయని చెప్పినవాడు. సక్కు ఊ కొట్టేది. ఊ ఆగితే కథ ఆగేది. "కోతలు కొయ్యకు తాతా!" అందంటే మాత్రం కథ ఇంకో మూర పెరిగేది.

ఇప్పుడు గుమ్మానికి గోనెపట్టా. లోపల చీకటి.

కోడలు కిష్టమ్మ వాకిట్లోనే ఆపి, గొంతు తగ్గించి అంది.

"నీ కతలు జర మూటగట్టి అటక మీద పెట్టు మామా. పిల్ల మంచిగైనంక దించుదువు."

కట్టాడు. మూట కదులుతూనే ఉంది.

పిల్లను మెల్లగా లేపాడు. "నీ పేరేంది బిడ్డా?"

"సక్కు... తాతా, నేనెట్ల పడ్డ?"

"గుండు మీదికెల్లి జారినవు."

కళ్లు మూసింది.

మళ్లీ లేపాడు. పేరు చెప్పింది. మళ్లీ అదే — "తాతా, నేనెట్ల పడ్డ?"

ఒక ప్రశ్నకు రెండుసార్లు ఒకే జవాబు చెప్పిన పాపాన పోలేదు, పుట్టి బుద్ధెరిగాక.

"గుండు మీదికెల్లి జారినవు బిడ్డా."

నిజం ఇంత పొట్టిదా! పిల్ల పాదాల దాకా కప్పడానికైనా చాలదు.

కోతలు అంటుందేమోనని చూశాడు. అనలేదు.

నమ్మింది. ఏనాడూ నమ్మని పిల్ల... నమ్మేసింది.

అదే భయం.

చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. పెదవులు బిగించాడు. మూట ముడి లోలోపలే వీడింది... అనగనగా ఒక పెసరగింజంత రాయి... పాతిన తెల్లారే మొదటి వాన...

పైకి ఒక్క అక్షరం రానివ్వలేదు.

ఊ...

పిల్లా? నొప్పా? గుండ్ల మీది గువ్వా?

తల వంచి విన్నాడు. గోనెపట్టా అవతల రాళ్లు కాగుతున్నాయి.

రెండో వాన — అనుకున్నాడు, ఊపిరి బిగబట్టి...